తెనాలి నుంచి టెక్సాస్ ఉద్యోగం: నేను కట్టిన రెండు పన్నులు

2023 మే 6, శనివారం తెల్లవారుజామున శంషాబాద్‌లో దిగాను. పాస్‌పోర్టు మీద పడ్డ ముద్ర వైపు ఆ రోజు కన్నెత్తి కూడా చూడలేదు. మూడు రోజుల ముందు నాన్న బాత్‌రూమ్‌లో కాలు జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది, గుంటూరులో ఆపరేషన్ చేశారు. నేను ఒక్కదాన్నే కూతురిని. అమ్మకి మోకాళ్ల నొప్పులు, నాన్నని లేపి కూర్చోబెట్టే ఓపిక లేదు. పదిహేను రోజుల సెలవు పెట్టి, చేతి బ్యాగులో ఆఫీసు లాప్‌టాప్ కూడా పడేసుకుని వచ్చేశాను. ఆ లాప్‌టాప్ తేవడంతోనే ఈ కథంతా మొదలైంది.

సెలవు అయిపోయేసరికి నాన్న ఇంకా వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేసే దశలోనే ఉన్నారు. కొన్నాళ్లు తెనాలి నుంచే పని చేస్తానని మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. మాది డల్లాస్‌లో ఒక మధ్యస్థమైన సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఇండియాలో ఆఫీసు లేదు, శాఖ లేదు, ఒక్క ఉద్యోగి కూడా లేడు. మేనేజర్ ఒక్క లైనులో సరే అన్నాడు. లీగల్ వాళ్లు మాత్రం రెండు పేజీల ఉత్తరం పంపారు. ఇండియాలో ఉన్నన్నాళ్లు కంపెనీ తరఫున ఏ ఒప్పందం మీదా సంతకం పెట్టకూడదు, కస్టమర్లతో ధరల సంగతి మాట్లాడకూడదు, మా ఇంటి చిరునామాని కంపెనీ చిరునామాగా ఎక్కడా వాడకూడదు. అలా చేస్తే కంపెనీకి ఇండియాలో 'పర్మనెంట్ ఎస్టాబ్లిష్‌మెంట్', అంటే స్థిరమైన వ్యాపార స్థావరం, ఉందని చెప్పి వాళ్ల లాభంలో కొంత మీద ఇక్కడ పన్ను అడగొచ్చు. వాళ్ల భయం అది. ఉత్తరం చివర ఒక వాక్యం: అక్కడి పన్నుల బాధ్యత ఉద్యోగిదే. అది నా గురించి రాసిన వాక్యం. నేను చదివీ చదవనట్టు కిందికి జరిపేసి సంతకం పెట్టాను.

మే 30 నుంచి పని మొదలు. సాయంత్రం ఆరున్నరకి లాప్‌టాప్ తెరిస్తే మూసేసరికి తెల్లవారుజాము మూడు. భోజనాల బల్లే నా ఆఫీసు. ఒక పక్క ఇన్వర్టర్, ఇంకో పక్క దోమల బ్యాట్. నాన్న మంచం పక్కన స్టీలు గ్లాసు, చెంచా పెట్టాను, అవసరమైతే కొట్టమని. మీటింగులో ఉండగా ఆ టింగుటింగు వినపడితే అవతలివాళ్లు "నీ డోర్‌బెల్ మోగుతోంది" అనేవారు. జీతం ఎప్పటిలాగే పదిహేను రోజులకోసారి అమెరికా అకౌంటులో పడేది. ఫెడరల్ టాక్సు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ అన్నీ ఎప్పటిలాగే కోసేవారు. టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు కాబట్టి ఆ బాధ మొదట్నించీ లేదు. ఇంక ఇండియాకి నా జీతంతో ఏం పని? నేనైతే అలాగే అనుకున్నాను.

జులైలో నాన్న పెన్షన్ రిటర్ను వేయించడానికి బోసు రోడ్డులో ఉన్న సీఏ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన నాన్న దగ్గర ఇంటర్‌లో లెక్కలు చదువుకున్నాడు. ఇప్పటికీ నాన్నని మాస్టారనే అంటాడు. కాగితాలు చూస్తూ చూస్తూ మామూలుగా అడిగాడు:

"ఎప్పుడొచ్చారమ్మా?"

"మేలో అన్నయ్యగారూ."

"ఉద్యోగం?"

"ఇక్కడినుంచే చేస్తున్నాను."

కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఎప్పుడు వెళ్తున్నారు?"

అది కుశలప్రశ్న అనుకుని "నాన్నకి బాగా తగ్గాక" అన్నాను. ఆయన నవ్వలేదు. నాన్న ఫారం-16 జిరాక్సు వెనక్కి తిప్పి దాని మీద 182 అని రాసి సున్నా చుట్టాడు.

ఆ పూట ఆయన చెప్పింది నా మాటల్లో చెప్తాను. జీతం ఏ దేశం బ్యాంకులో పడింది, ఏ కరెన్సీలో పడింది, కంపెనీ ఎక్కడిది అన్నవి ఆదాయపు పన్ను చట్టానికి ముఖ్యం కాదు. ఆ పని ఎక్కడ కూర్చుని చేశావన్నది ముఖ్యం. ఇండియాలో కూర్చుని చేసిన పనికి వచ్చిన జీతం ఇండియాలో సంపాదించినట్టే. అప్పుడు అమల్లో ఉన్న 1961 చట్టంలో తొమ్మిదో సెక్షన్ చెప్పింది ఇదే. నువ్వు ఎన్నారైవి అయినా సరే, మొదటి రోజు జీతం నుంచీ లెక్కే.

నా మొహం చూసి ఆయనే అందుకున్నాడు. "కంగారు పడకండి, దీనికో మందు ఉంది." భారత్, అమెరికా 1989లో సంతకం చేసుకున్న ద్వంద్వ పన్నుల ఒప్పందంలో 16వ అధికరణం ఉంది. అమెరికా నివాసి ఒకరు ఇండియాకి వచ్చి పని చేసినా మూడు షరతులు సరిపోతే ఇండియా ఆ జీతం మీద పన్ను వేయదు. ఆ పన్ను సంవత్సరంలో ఇండియాలో ఉన్న రోజులు మొత్తం కలిపి 183 దాటకూడదు. జీతమిచ్చే కంపెనీ ఇండియాది కాకూడదు. ఆ జీతం ఖర్చు ఇండియాలో ఉన్న వాళ్ల స్థావరం ఏదీ మోయకూడదు. నాకు రెండోది, మూడోది ఎలాగూ సరిపోతాయి. మిగిలింది రోజులు.

ఇక్కడ రెండు గీతలున్నాయి. మన చట్టం ప్రకారం ఏప్రిల్ నుంచి మార్చి లోపు 182 రోజులు ఉంటే ఇండియా నివాసివి అయిపోతావు. ఒప్పందంలోది 183. ఒక్కరోజు తేడా. దిగిన రోజునీ ఎక్కిన రోజునీ లెక్క వేయాలా వద్దా అన్న దాని మీద కూడా వాదనలున్నాయట. "రెండూ వేసుకోండి, 181 దాటకండి, నిద్ర పడుతుంది" అన్నాడాయన. మధ్యలో 120 అని ఇంకో గీత ఉందని ఎన్నారైలందరూ భయపడుతుంటారు. ఇండియా ఆదాయం 15 లక్షలు దాటినవాళ్లకి 182 బదులు 120 అన్నమాట. ఇక్కడ కూర్చుని సంపాదించిన జీతం కూడా ఆ 15 లక్షల్లోకే వస్తుంది. కానీ దానికి తోడు అంతకుముందు నాలుగేళ్లలో మొత్తం 365 రోజులు ఇక్కడ ఉండి ఉండాలి. నేను ఆ నాలుగేళ్లలో ఉన్నది 80 రోజులు కూడా లేదు. కాబట్టి ఆ గీత నాకు తగల్లేదు. దాని గురించి రెండు రాత్రులు నిద్ర పోగొట్టుకున్నది మాత్రం దండగ.

ఇంటికొచ్చి నాన్నకి చెప్తే ఆయనకి హుషారొచ్చింది. పడ్డాక ఆయన మొహంలో అంత వెలుగు చూడటం అదే మొదలు. రెండు పిడికిళ్లూ బిగించి, వేళ్ల కణుపుల మీద నెలలు లెక్కపెట్టడం మొదలెట్టారు. ముప్ఫై ఒకటి వచ్చే నెల గుట్ట మీద, ముప్ఫై నెల పల్లంలో. "మేలో 26. జూన్‌తో 56. జులై 87. ఆగస్టు 118. సెప్టెంబర్ 148. అక్టోబర్ ఆఖరికి 179. అంటే నవంబర్ 3న నీకు 182 నిండుతాయి." కాసేపు ఆగి, "నవంబర్ 2న ఒక మనిషివి, 3న ఇంకో మనిషివా?" అన్నారు. ఇన్నాళ్లలో పన్నుల చట్టం మీద ఇంతకంటే మంచి ప్రశ్న నేను వినలేదు.

అక్టోబర్ 29కి టికెట్ బుక్ చేశాను. లెక్క ప్రకారం అప్పటికి 177 రోజులవుతాయి, నాలుగు రోజులు చేతిలో మిగులుతాయి. ఒప్పందం వాడుకోవడానికి కావలసిన కాగితాలు ఏంటో కనుక్కున్నాను. నేను అమెరికా నివాసినని అక్కడి పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఇచ్చే పత్రం కావాలి, దాన్ని ఫారం 6166 అంటారు. అది కావాలంటే ఫారం 8802 నింపి 85 డాలర్లు కట్టాలి. ఇటు ఇండియా పోర్టల్‌లో ఫారం 10ఎఫ్ వేయాల్సి ఉండేది. అవన్నీ ఒక ఫోల్డర్లో పెట్టుకుని నిశ్చింతగా ఉన్నాను. ఒప్పందం కింద ఎలాగూ సున్నా అవుతుంది కదాని ఏడాది మధ్యలో వాయిదాల్లో కట్టే అడ్వాన్స్ టాక్స్ కట్టలేదు. జూన్ 15 వాయిదా నాకు సంగతి తెలియకముందే పోయింది. సెప్టెంబర్ 15ది తెలిసే వదిలేశాను.

ఈలోపు ఇంట్లో సలహాలు. మా పెద్దమ్మ కొడుకు ఒకరోజు వచ్చి, "డాలర్లు అక్కడ పడుతుంటే ఇక్కడోళ్లకి ఎలా తెలుస్తుందే? ఊరికే నువ్వే పోయి చెప్పుకుంటున్నావు" అన్నాడు. వాడి మాటలో కొంత నిజం ఉందేమో కూడా. కానీ నా రాకపోకల లెక్క ఇమిగ్రేషన్ కంప్యూటర్లో ఉంది. పైగా రేపు ఏ గ్రీన్‌కార్డు కాగితాల్లోనో, ఏ ఇల్లు కొన్నప్పుడో ఈ ఏడాది సంగతి అడిగితే నేను అబద్ధం గుర్తుపెట్టుకుని తిరగాలి. అంత జ్ఞాపకశక్తి నాకు లేదు.

దసరా ముందు నాన్నకి జ్వరం వచ్చింది. రెండో రోజుకి తుంటి దగ్గర వాచి ఎర్రబడింది. లోపల చీము పట్టిందన్నారు. మళ్లీ తెరవాలి, శుభ్రం చేయాలి, ఆరు వారాలు ఇంజక్షన్లు. ఆసుపత్రి కారిడార్‌లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఫోనులో టికెట్ క్యాన్సిల్ బటన్ వైపు చాలాసేపు చూశాను. అంతకుముందు సీఏ గారికి ఫోన్ చేశాను. "ఉండిపోతే ఎంత అవుతుందన్నయ్యగారూ?" ఆయన మాస్టారికి ఎలా ఉందని ముందు అడిగి, తర్వాత ఉజ్జాయింపుగా ఒక అంకె చెప్పాడు. పదిహేను లక్షల పైన. నేను మళ్లీ చెప్పమన్నాను. మళ్లీ అదే చెప్పాడు.

ఆపరేషన్‌కి తీసుకెళ్లే ముందు నాన్న స్ట్రెచర్ మీద నుంచే, "నీ 182 దగ్గర పడుతోందే, నువ్వు వెళ్లిపో" అన్నారు. "ఆ లెక్క తప్పు నాన్నా. మొదట్లో సెలవులో ఉన్న రోజులు అందులోకి రావంట. ఇంకా చాలా టైముంది" అన్నాను. పచ్చి అబద్ధం. సెలవులో ఉన్నా, ఆదివారమైనా, ఆసుపత్రిలో ఉన్నా, దేశంలో ఉన్న ప్రతి రోజూ లెక్కే. 2020లో లాక్‌డౌన్ వల్ల చిక్కుకుపోయినవాళ్లకి మార్చి 22 నుంచి 31 వరకు ఉన్న రోజుల్ని తీసేస్తూ సర్క్యులర్ ఇచ్చారు గానీ, నాన్న ఆపరేషన్‌కి అలాంటి సర్క్యులర్లు ఉండవు.

నవంబర్ 3 శుక్రవారం వచ్చింది, వెళ్లింది. ఆ రోజు రాత్రి కూడా మామూలుగానే పని చేశాను. డిసెంబర్ 9న తిరిగి విమానం ఎక్కాను. మొత్తం 218 రోజులు.

ఇప్పుడు డబ్బు లెక్క. ఈ భాగం ఎవరూ సరిగా చెప్పరు కాబట్టి వివరంగా రాస్తున్నాను. నా జీతం ఏడాదికి 1,20,000 డాలర్లు. 2023లో సెలవులు, పండగలు పోను నేను పని చేసిన రోజులు 235. అందులో తెనాలిలో చేసినవి 134. అంటే 57 శాతం, 68,400 డాలర్లు ఇండియా జీతం. దీన్ని రూపాయల్లోకి మార్చడానికి గూగుల్ రేటు పనికిరాదు. జీతం వచ్చిన నెలకి ముందు నెల ఆఖరి రోజున స్టేట్ బ్యాంకు డాలర్లు కొనే రేటు (టీటీ బయింగ్ రేటు) ఎంతో అదే వాడాలి. నెలనెలా విడివిడిగా. అలా చేస్తే 56 లక్షల పైచిలుకు వచ్చింది. 50 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసేశాం. ఆ ఏడాది కొత్త విధానంలో 15 లక్షలు దాటిన ప్రతి రూపాయికీ 30 శాతం. ఆదాయం 50 లక్షలు దాటింది కాబట్టి పన్ను మీద 10 శాతం సర్‌చార్జి, ఆ మొత్తం మీద 4 శాతం సెస్సు. తేలింది 15 లక్షల 60 వేల పైచిలుకు. దాదాపు 19 వేల డాలర్లు.

చట్టం ప్రకారం చూస్తే ఇది మా కంపెనీ ఇక్కడ టాన్ (పన్ను కోసి కట్టేవాళ్లు తీసుకోవాల్సిన నంబరు) తీసుకుని నెలనెలా టీడీఎస్ కోసి కట్టాల్సింది. ఒక్క ఉద్యోగి కోసం ఏ అమెరికా కంపెనీ ఆ పని చేస్తుంది? మా హెచ్‌ఆర్‌ని అడిగితే ఆ ఉత్తరంలోని చివరి వాక్యాన్ని పసుపు రంగు పూసి తిరిగి పంపారు. సో, నేనే కట్టుకోవాలి.

ఎప్పుడు కట్టాలన్నది ఇంకో మెలిక. ప్లేనోలో ఒక తెలుగావిడ ఉన్నారు, సీపీఏ, అంటే అక్కడి సీఏ. నవంబర్‌లో ఆవిడతో గంటసేపు మాట్లాడాను. 2023లో నేను అమెరికాలో 140 రోజులకి పైగా ఉన్నాను, అంతకుముందు రెండేళ్లు దాదాపు పూర్తిగా అక్కడే. అక్కడి లెక్కలో ఈ ఏడాది రోజులు మొత్తం, కిందటేడాదివి మూడో వంతు, అంతకు ముందరివి ఆరో వంతు కలిపి 183కి చేరితే అమెరికా నివాసివి. నావి ఎప్పుడో దాటేశాయి. కాబట్టి తెనాలిలో సంపాదించినదాని మీద కూడా అమెరికా పన్ను వేస్తుంది, తర్వాత ఇండియాలో కట్టినదాన్ని ఫారం 1116 ద్వారా కొంత తగ్గిస్తుంది. ఆ తగ్గింపునే క్రెడిట్ అంటారు.

"ఇండియా పన్ను ఎప్పుడు కడుతున్నారు?" అని అడిగారావిడ.

"మార్చి దాకా టైముంది కదా మేడమ్, నాలుగో వాయిదాతో..."

"వద్దు. డిసెంబర్ 31 లోపు కట్టేయండి."

ఇండియా సంవత్సరం మార్చికి అయిపోతుంది, అమెరికాది డిసెంబర్‌కి. నేను ఇండియా పన్ను 2024లో కడితే ఆ క్రెడిట్ అమెరికా లెక్కలో 2024 సంవత్సరానికి పడుతుంది. కానీ 2024లో నాకు ఇండియా జీతం ఉండదు. అప్పుడు క్రెడిట్‌ని ఒక ఏడాది వెనక్కి పంపించి, 2023 రిటర్ను మళ్లీ సవరించుకోవాలి. కుదురుతుంది గానీ పెద్ద తలనొప్పి. ముందే కట్టేస్తే అదే ఏడాది రిటర్నులో నేరుగా చూపించుకోవచ్చు. ఈ ఒక్క మాటకి ఆవిడకిచ్చిన ఫీజు గిట్టుబాటైంది.

డిసెంబర్ 6, బుధవారం. మధ్యాహ్నం మూడింటికి అదే భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఆదాయపు పన్ను పోర్టల్ తెరిచాను. అంతకు పది రోజుల ముందే అమెరికా నుంచి నా ఎన్నారై అకౌంటుకి డబ్బు తెప్పించుకున్నాను. ఈ-పే టాక్స్, అడ్వాన్స్ టాక్స్, అసెస్‌మెంట్ ఇయర్ 2024-25. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారట, 2023-24 అని నొక్కేస్తారట. నేను మూడుసార్లు చూసుకున్నాను. బ్యాంకు ఓటీపీ నా అమెరికా నంబరుకి వెళ్లింది. ఆ సిమ్ రోమింగ్‌లో ఉంది, మెసేజి రాలేదు. మళ్లీ పంపించాను. మిద్దె మీదికి వెళ్తే సిగ్నల్ వస్తుందని అమ్మ చెప్పింది. కొబ్బరి చెట్టు పక్కన ఫోను పైకెత్తి పట్టుకుని నిలబడితే ఓటీపీ వచ్చింది, కిందికి పరిగెత్తేసరికి టైమ్ అయిపోయింది. మూడోసారి లాప్‌టాప్‌నే మిద్దె మీదికి పట్టుకెళ్లాను. నీళ్ల ట్యాంకు మీద పెట్టి, పదిహేను లక్షల అరవై వేలు కట్టాను. చలాన్ పీడీఎఫ్ దిగాక చాలాసేపు అక్కడే కూర్చున్నాను. కింద నాన్న గ్లాసు మీద చెంచాతో కొడుతున్నారు, కాఫీ కోసం.

జూన్, సెప్టెంబర్ వాయిదాలు తప్పినందుకు వడ్డీ వేరే. ఒక్కో వాయిదాలో తక్కువ పడ్డ మొత్తం మీద నెలకి ఒక శాతం చొప్పున మూడు నెలలకి. సుమారు 28 వేలు. అది తర్వాత రిటర్ను వేసేటప్పుడు కట్టాను. ఒప్పందం మీద నమ్మకంతో కట్టలేదంటే ఎవరూ వినరు.

అమెరికా రిటర్ను 2024 ఏప్రిల్‌లో వేశాం. నా అసలు బాధ ఇక్కడ ఉంది. పన్నులు రెండు దేశాల్లో కట్టినా ఒకచోట కట్టినది ఇంకోచోట మొత్తం తగ్గిస్తారని నేననుకున్నాను. కాదు. ఆ ఏడాది నా మొత్తం అమెరికా పన్ను 18,900 డాలర్ల లోపే. అందులో ఇండియా జీతానికి చెందిన వాటా 57 శాతం, సుమారు 10,750. క్రెడిట్ అంతవరకే ఇస్తారు. నేను ఇండియాలో కట్టింది దాదాపు 19 వేలు. తేడా ఎనిమిది వేల డాలర్ల పైనే. దాన్ని పదేళ్ల దాకా ముందుకి మోసుకెళ్లొచ్చు. అయితే మళ్లీ ఎప్పుడైనా విదేశంలో ఇలా సంపాదిస్తేనే దాన్ని వాడుకోగలం. మొత్తానికి రెండు దేశాల్లో ఏది ఎక్కువ పన్ను వేస్తే ఆ రేటే మనకి పడుతుంది. ఇండియాలో 50 లక్షలు దాటిన జీతగాడు సర్‌చార్జి కట్టే శ్రీమంతుడు, అమెరికాలో అదే డబ్బుకి మధ్యతరగతి. నేనిక్కడ శ్రీమంతురాలి పన్ను కట్టాను.

ఇంకో చిన్న తెలివి కూడా ఆలస్యంగా తెలిసింది. ఈ క్రెడిట్ వస్తుందని ముందే అంచనా ఉంటే అమెరికాలో, జీతంలో పన్ను ఎంత కోయాలో చెప్పే డబ్ల్యూ-4 ఫారం మార్చుకుని నెలనెలా కోత తగ్గించుకోవచ్చట. నేను రెండువైపులా పూర్తిగా కట్టి, ఆ పదివేల చిల్లరని రీఫండ్ రూపంలో వెనక్కి తెచ్చుకున్నాను. కాలిఫోర్నియాలో ఉండే మా టీమ్‌మేట్ నా కథ విని తల పట్టుకుంది. అక్కడ స్టేట్ టాక్స్ వాళ్లు వేరే దేశంలో కట్టిన పన్నుకి క్రెడిట్ ఇవ్వరు.

ఇండియా రిటర్ను 2024 జులైలో వేశాం. ఐటీఆర్-2. హోదా దగ్గర 'నివాసి, కానీ సాధారణ నివాసి కాదు' అన్నది ఎంచుకున్నాం. అంతకుముందు ఏడేళ్లలో నేను ఇక్కడ ఉన్నవి 729 రోజుల కంటే చాలా తక్కువ కాబట్టి అది దొరికింది. దానివల్ల నా అమెరికా సేవింగ్స్ వడ్డీ, షేర్లు, 401(కె) రిటైర్మెంట్ పొదుపు ఇండియా లెక్కలోకి రాలేదు. విదేశీ ఆస్తుల షెడ్యూలు నింపే పని కూడా తప్పింది. ఇది తెలియక ఆస్తులన్నీ రాసి ఇచ్చి తర్వాత జవాబులు చెప్పుకునేవాళ్లున్నారట.

ఆ హోదా తేల్చేటప్పుడే సీఏ గారు ఇంకో ప్రశ్న అడిగాడు. రెండు దేశాలూ నివాసివే అంటున్నాయి కాబట్టి ఒప్పందం ప్రకారం ఒకటి తేల్చాలి. స్థిర నివాసం ఎక్కడ? ఇర్వింగ్‌లో అద్దె అపార్ట్‌మెంట్ ఖాళీ చేయలేదు, నెలనెలా కడుతూనే ఉన్నాను. తెనాలిలో అమ్మానాన్నల ఇల్లు. రెండూ ఉంటే, జీవిత ప్రయోజనాలు ఎక్కడ ముడిపడి ఉన్నాయో చూడాలి.

"కుటుంబం ఎక్కడమ్మా?"

"మీకు తెలుసు కదా అన్నయ్యగారూ."

"ఉద్యోగం, కారు, ఇన్సూరెన్సు, పొదుపు?"

"డల్లాస్."

"డల్లాస్ అని రాద్దాం" అన్నాడు. కాగితం మీద అది సరైనదే. సంతకం పెట్టేటప్పుడు మాత్రం ఏదోలా అనిపించింది.

ఇంక నన్ను అన్నిటికంటే మండించిన సంగతి. ఇంజినీరింగ్‌లో నాతో చదివినవాడొకడు, వాడిదీ టెక్సాసే, 2022 డిసెంబర్ 7న వచ్చి 2023 జులై 20న వెళ్లాడు. 226 రోజులు, నాకంటే ఎనిమిది రోజులు ఎక్కువ. వాడు ఇండియాకి కట్టిన పన్ను సున్నా. మార్చి 31 వాడి రోజుల్ని మధ్యలో కోసింది. అటు 115, ఇటు 111. రెండేళ్లలో దేనిలోనూ గీత దాటలేదు. ఒప్పందం కాగితాలు పెట్టుకున్నాడు, అయిపోయింది. వాడేమీ తెలివిగా ప్లాన్ చేయలేదు, వాళ్ల చెల్లి పెళ్లి డిసెంబర్‌లో కుదిరింది. మా నాన్న మేలో జారిపడ్డారు.

2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. అసెస్‌మెంట్ ఇయర్ గందరగోళం పోయి 'టాక్స్ ఇయర్' వచ్చింది, సెక్షన్ నంబర్లు మారాయి. 182 మారలేదు, మార్చి 31 కూడా మారలేదు.

కిందటి వారం ఫోన్‌లో అమ్మ తన కంటి ఆపరేషన్ సంగతి చెప్పింది. కొన్నాళ్లు వచ్చి ఉండాలి, పని అక్కడినుంచే చేస్తానన్నాను. ఆగస్టులో వస్తానని చెప్తుంటే నాన్న ఫోన్ లాక్కున్నారు.

"ఆగస్టు వద్దు. జనవరి ఆఖర్లో రా. మార్చి 31 మధ్యలో పడుతుంది, ఏడు నెలలు ఉన్నా నీకు ఇబ్బంది లేదు. నేను లెక్కేశాను."

నేనేమీ మాట్లాడలేదు.

"సెలవు రోజులు లెక్కలోకి రావన్నావు గదూ" అన్నారు. "మా శిష్యుడు సీఏ ఆ జులైలోనే ఇంటికొచ్చి చెప్పాడులే."